ఫ్యాట్ మ్యాన్ అండ్ లిటిల్ బాయ్ (1989): ఆ ప్రమాదాన్ని బాంబు కంటే ముందుకి ఎందుకు జరిపారు?

పాతరీళ్లు

నోలన్ తీసిన ఓపెన్‌హైమర్ సినిమా వచ్చినప్పటి నుంచి అణుబాంబు సినిమా అంటే అందరికీ అదొక్కటే గుర్తొస్తోంది. గొప్ప సినిమానే, కాదనను. కానీ అమెరికా అణుబాంబు తయారుచేసిన ల్యాబ్, అదే లాస్ అలమోస్ కథని 1989లోనే రోలాండ్ జోఫే తీశాడు, ఫ్యాట్ మ్యాన్ అండ్ లిటిల్ బాయ్ అని. బ్రిటన్‌లో షాడో మేకర్స్ అని వేరే పేరు పెట్టారు. బాంబు పథకాన్ని నడిపిన సైన్యాధికారి జనరల్ గ్రోవ్స్‌గా పాల్ న్యూమన్, ల్యాబ్ పెద్ద ఓపెన్‌హైమర్‌గా డ్వైట్ షుల్ట్జ్, ఎన్నియో మోరికోనే మ్యూజిక్, విల్మోస్ జిగ్మండ్ కెమెరా. ఇంతమంది ఉండి కూడా థియేటర్లలో ఆడలేదు. మన వేదికలో దీని మీద ఒక్క థ్రెడ్ కూడా కనపడలేదు, అందుకే మొదలెడుతున్నా. చూడనివాళ్లకి ముందే చెప్తున్నా, కథ మొత్తం బయటపెట్టేస్తా.

ఇందులో జాన్ క్యుసాక్ వేసిన మైఖేల్ మెరిమన్ అనే కుర్ర సైంటిస్టు ఉంటాడు. కల్పిత పాత్ర. నర్సుగా చేసిన లారా డెర్న్‌తో ప్రేమ, తర్వాత ల్యాబ్‌లో ప్రమాదం, రేడియేషన్ తగిలి ఒళ్లంతా పాడై చనిపోతాడు. ఇదంతా ట్రినిటీ పరీక్షకి, అంటే మొట్టమొదటి అణుబాంబు పరీక్షకి ముందే జరిగినట్టు చూపించారు. నా బాధ అక్కడే. నిజంగా అలాంటి ప్రమాదాలు రెండు జరిగాయి. హ్యారీ డాగ్లియన్‌కి 1945 ఆగస్టు 21న, లూయిస్ స్లోటిన్‌కి 1946 మే 21న. రెండూ హిరోషిమా తర్వాతే, జపాన్ లొంగిపోయాక జరిగినవే. తేదీ కాస్త అటూ ఇటూ మార్చారులే అని వదిలేసే మార్పు కాదిది. బాంబు పడకముందు చనిపోతే వాడు యుద్ధంలో పోయిన సైనికుడితో సమానం అయిపోతాడు. యుద్ధం అయిపోయాక చనిపోతే అసలు ఆ టైంలో ఆ గదిలో ఏం చేస్తున్నార్రా మీరు అని అడగాల్సొస్తుంది. సినిమా ఆ ప్రశ్న రాకుండా తప్పించుకుంది. మీరేమంటారు?

నైట్‌షో

అన్నా సినిమా అన్నాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి కదా. మెరిమన్ అనేవాడు ఇద్దరు ముగ్గుర్ని కలిపి రాసుకున్న పాత్ర, ట్రినిటీతో సినిమా అయిపోతోంది, 1946లో జరిగింది చూపించాలంటే ఇంకో అరగంట లాగాలి, అప్పుడు క్లైమాక్స్ చప్పబడిపోదూ? పైగా రేడియేషన్ అంటే మనిషి ఒంటికి ఏం చేస్తుందో కళ్లారా చూపించింది ఈ సినిమానే. ఓపెన్‌హైమర్‌లో ఆ ముక్కే లేదు, హిరోషిమా ఫోటోలు చూపిస్తుంటే హీరో తల తిప్పుకుంటాడు, మనకి మాత్రం ఏమీ కనపడదు. క్యుసాక్ మంచం మీద పడున్న సీన్లు చూడలేకపోయా నేను.

నా కంప్లైంట్ వేరే ఉంది. న్యూమన్. అసలు గ్రోవ్స్ భారీ మనిషి, చాక్లెట్లంటే పడి చచ్చేవాడు, పొట్టేసుకుని యూనిఫాం బిగుతుగా ఉంటుంది ఏ ఫోటో చూసినా. న్యూమన్ సన్నగా, నీలి కళ్లతో, ఎంత అరిచినా హీరోలానే ఉన్నాడు. షుల్ట్జ్ మాత్రం మెచ్చుకోవాలి. ది ఎ-టీమ్ సీరియల్‌లో పిచ్చి మర్డాక్‌గా కామెడీ చేసినోడు ఇంత బరువైన పాత్ర మోయడం మామూలు విషయం కాదు.

ఫిజిక్స్_మాస్టారు

ఆ ప్రమాదం అసలెలా జరిగిందో తెలిస్తే పాతరీళ్లు గారి బాధ ఇంకా బాగా అర్థమవుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ప్లుటోనియం గోళం, బరువు 6.2 కిలోలు, అడ్డంగా కొలిస్తే మూడున్నర అంగుళాలు. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, లోపల రేడియోధార్మికత వల్ల వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి. దాంట్లోంచి న్యూట్రాన్లు బయటకి పోతుంటాయి. చుట్టూ బెరిలియం లాంటిదో టంగ్‌స్టన్ కార్బైడ్ లాంటిదో పెడితే అవి కొన్ని న్యూట్రాన్లని మళ్లీ లోపలికి తిప్పికొడతాయి, చైన్ రియాక్షన్ పెరుగుతుంది. ఎంత దగ్గరగా పెడితే ఎంత పెరుగుతోందో కొలవడమే వాళ్ల పని. ఒక హద్దు దాటిందంటే ఇక మనిషి చెయ్యి కదిలేలోపే అయిపోతుంది.

డాగ్లియన్ రాత్రిపూట ల్యాబ్‌లో ఆ గోళం చుట్టూ టంగ్‌స్టన్ కార్బైడ్ ఇటుకలు ఒక్కోటీ పేరుస్తున్నాడు. గదిలో ఇంకో కాపలా సైనికుడు తప్ప ఎవరూ లేరు. చివరి ఇటుక దగ్గరికి తెచ్చేసరికి మీటరు హెచ్చరించింది, వెనక్కి తీద్దామనుకునేలోపు చేతిలోంచి జారి సరిగ్గా గోళం మీద పడింది. చేత్తోనే తోసేశాడు. 25 రోజులకి చనిపోయాడు, వయసు 24.

తొమ్మిది నెలల తర్వాత స్లోటిన్. గోళాన్ని కింద ఒక బెరిలియం చిప్పలో పెట్టి పైన ఇంకో చిప్ప మూత లాగా దించుతున్నాడు. పై చిప్పకి ఒక బెజ్జం, అందులో ఎడమ బొటనవేలు. రెండు చిప్పలూ పూర్తిగా మూసుకోకుండా మధ్యలో అడ్డుముక్కలు పెట్టాలి, అది పద్ధతి. ఆయన అవి తీసేసి కుడి చేత్తో స్క్రూడ్రైవర్ మొన అడ్డం పెట్టి ఆ సందుని పెంచుతూ తగ్గిస్తూ చూపిస్తున్నాడు. స్క్రూడ్రైవర్ జారింది, మూత పడింది, గదిలో నీలంగా ఒక మెరుపు, ఒక్కసారిగా వేడి గాలి. వెంటనే పై చిప్పని ఎత్తి నేల మీదకి విసిరేశాడు. ఆయన తప్ప మిగతా ఏడుగురూ ఆ ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. తొమ్మిదో రోజు స్లోటిన్ పోయాడు, 35 ఏళ్లు. ఇలాగే చేస్తుంటే ఏడాదిలోపు పోతావని ఫెర్మీ ముందే హెచ్చరించాడని చెప్తారు.

రెండుసార్లూ అదే గోళం. దాన్నే తర్వాత డీమన్ కోర్ అన్నారు, కోర్ అంటే బాంబు నడిబొడ్డున ఉండే ప్లుటోనియం ముద్ద.

ఓరుగల్లు_చిన్నోడు

మాస్టారూ చదువుతుంటేనే వణుకు పుట్టింది సార్. గని నాకొకటి సమజైతలేదు, హిరోషిమా మీద ఏసింది యురేనియం బాంబు, నాగసాకి మీద ఏసింది ప్లుటోనియం బాంబు, ట్రినిటీల పేల్చింది ఇంకోటి. మరి ఈ గోళం ఎక్కడిది? దేనికోసం చేసిన్రు?

పాతరీళ్లు

చిన్నోడా నేను ఎత్తిచూపాలనుకున్నది అదే. అది మూడో బాంబు కోసం చేసింది. ఆగస్టు 9న నాగసాకి మీద వేశారు, మర్నాడే గ్రోవ్స్ పైవాళ్లకి రాశాడు, ఇంకోటి ఆగస్టు 17, 18 తర్వాత వాతావరణం బాగుంటే వెయ్యడానికి సిద్ధమవుతుందని. అధ్యక్షుడు స్వయంగా చెప్తే తప్ప జపాన్ మీద వెయ్యకూడదని సైన్యాధిపతి జనరల్ మార్షల్ ఆ కాగితం మీదే రాశాడు. 15న జపాన్ చక్రవర్తి రేడియోలో లొంగిపోతున్నట్టు చెప్పాడు కాబట్టి గోళం లాస్ అలమోస్‌లోనే ఉండిపోయింది. ఆరు రోజులకి డాగ్లియన్.

స్లోటిన్ టైంకి యుద్ధం అయిపోయి తొమ్మిది నెలలు. ఎవరి మీద వెయ్యడానికి? ఆ వేసవిలో బికినీ దీవుల్లో పేలుళ్లు పెట్టుకున్నారు, నౌకల మీద బాంబు ప్రభావం చూడటానికి. ఆ గోళాన్ని కూడా అందులో వాడదామనుకున్నారు, ప్రమాదం వల్ల వాడలేదు, తర్వాత కరిగించేశారు. అంటే స్లోటిన్ చావుకి హిట్లర్ లేడు, జపాన్ లేదు, తరుముకొస్తున్న గడువు లేదు. పని ఆగలేదు అంతే. సినిమాలో మెరిమన్ చనిపోతుంటే మనకి కలిగే జాలి వేరు, ఈ నిజం తెలిస్తే పుట్టే కోపం వేరు. జోఫేకి నిజం తెలియక కాదు, తెలిసే మార్చాడు.

మందాకిని

పాతరీళ్లు గారూ ఇది జోఫేతో మొదలైంది కాదండి. 1947లో ఎంజీఎం వాళ్లు ది బిగినింగ్ ఆర్ ది ఎండ్ అని తీశారు, ఈ కథ మీద హాలీవుడ్ తీసిన మొదటి పెద్ద సినిమా. హ్యూమ్ క్రోనిన్ ఓపెన్‌హైమర్, బ్రయాన్ డోన్లెవీ గ్రోవ్స్. అందులో కూడా మ్యాట్ కోక్రన్ అని ఒక కల్పిత సైంటిస్టు ఉన్నాడు, కొత్తగా పెళ్లయినవాడు, మనసులో బాంబు మీద సందేహాలున్నవాడు. హిరోషిమాకి విమానం బయల్దేరే ముందు టీనియన్ దీవిలో బాంబు బిగిస్తుంటే రేడియేషన్ తగిలి చనిపోతాడు. చివర్లో భార్యకి రాసిన ఉత్తరంలో ఈ శక్తి మానవజాతికి మంచే చేస్తుందని చెప్పిస్తారు. టీనియన్‌లో అలాంటి చావు జరగనేలేదు.

చూడండి, 42 ఏళ్ల తేడాతో రెండు సినిమాలు, ఇద్దరు వేరే దర్శకులు, ఒకటి బాంబుని సమర్థించేది, ఇంకోటి ప్రశ్నించేది, కానీ రెండూ ఒక అమెరికన్ కుర్రాడిని బాంబు కంటే ముందే చంపేశాయి. మనవాడు కూడా ఒకడు పోయాడు కాబట్టి లెక్క సరిపోయిందన్నట్టు అవుతుంది ప్రేక్షకుడి మనసులో. 1945 చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది, నాగసాకిలో దాదాపు 70,000 మంది పోయారని అంచనా. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఈ రెండు సినిమాల్లో మనకి గుర్తుండదు, కోక్రన్, మెరిమన్ గుర్తుంటారు.

ఆ 1947 సినిమాలో హిరోషిమా జనానికి ముందే కరపత్రాలు వేసి హెచ్చరించినట్టు కూడా పెట్టారు. అణుబాంబు వేస్తామని హిరోషిమాకి ఎవరూ ముందు చెప్పలేదు.

నైట్‌షో

మందాకిని గారూ ఈ 1947 సంగతి బాగా పట్టుకొచ్చారు, కానీ మీ వాదన ప్రకారం ఓపెన్‌హైమర్ ఇంకా ఘోరం కదా? అందులో డాగ్లియన్ లేడు, స్లోటిన్ లేడు, చనిపోయిన సైంటిస్టే లేడు. కనీసం జోఫే ఒకడిని చూపించాడు. నోలన్ 3 గంటలు తీసి గాజు గిన్నెలో గోళీలు వేసి చూపించాడు, ఎంత యురేనియం వచ్చింది, ఎంత ప్లుటోనియం వచ్చింది అని. గోళీలు నిండుతుంటే ఆ టెన్షన్ బాగుంది గానీ ఆ గోళీలు ఎక్కడ్నుంచి వస్తున్నాయో, ఎవరు తయారుచేస్తున్నారో చూపించలేదు.

శ్రావణమేఘం

నైట్‌షో చివర్లో అన్నదానికి నేను చెప్తా. ఆ గోళీల్లో యురేనియం వాటా టెన్నెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనే ఊళ్లోంచి వచ్చింది, 1942 దాకా అలాంటి ఊరే లేదు. అక్కడ వై-12 ఫ్యాక్టరీలో కాల్యుట్రాన్లు అనే మెషిన్లు ఉండేవి, పెద్ద పెద్ద అయస్కాంతాలతో యురేనియం 235ని వేరు చేసేవి. వాటిని నడిపింది ఎవరనుకున్నారు, ఎక్కువమంది అప్పుడే హైస్కూల్ చదువు అయిన పల్లెటూరి అమ్మాయిలు. ఎత్తు స్టూల్ మీద కూర్చుని ఎదురుగా ప్యానెల్‌లో ముల్లు ఎటు పోతే అటు నాబ్ తిప్పి మధ్యలోకి తేవాలి, షిఫ్ట్ అంతా అదే పని. దేనికోసం చేస్తున్నారో చెప్పలేదు, అడగకూడదు, అడిగినవాళ్లు మర్నాటి నుంచి కనపడేవాళ్లు కాదు. ఆ మెషిన్లు సైంటిస్టుల కంటే ఈ అమ్మాయిలే బాగా నడుపుతారని పందెం పెడితే అమ్మాయిలే గెలిచారు, సైంటిస్టులేమో ముల్లు కదిలినప్పుడల్లా ఎందుకు కదిలిందని ఆలోచిస్తూ కూర్చునేవాళ్లట.

ఇంకోటి, ఆ అయస్కాంతాలకి తీగ చుట్టాలంటే రాగి కావాలి, యుద్ధంలో రాగి దొరకట్లేదు, అందుకని అమెరికా ఖజానాలోంచి వెండి అప్పు తెచ్చారు, 14,000 టన్నులకి పైనే. టన్నుల్లో అడిగితే ఖజానా అధికారికి కోపమొచ్చి మేం వెండిని ట్రాయ్ ఔన్సుల్లోనే లెక్కేస్తాం అన్నాడట. యుద్ధం అయ్యాక దాదాపు మొత్తం తిరిగిచ్చేశారు.

లాస్ అలమోస్‌లో ఉన్నది కొన్ని వేలమందే. బాంబు తయారీ పథకం, అదే మన్‌హట్టన్ ప్రాజెక్టు మొత్తంలో ఒక దశలో లక్షా పాతికవేల మందికి పైగా పనిచేశారు, ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు, అందులో సింహభాగం ఓక్ రిడ్జ్‌కీ, ప్లుటోనియం తయారుచేసిన హాన్‌ఫర్డ్‌కీ పోయింది. ఏ సినిమా తీసినా కెమెరా మాత్రం ఓపెన్‌హైమర్ టోపీ మీదే ఉంటుంది. ఆ అమ్మాయిలకి తాము చేసిందేంటో ఆగస్టు 6న రేడియోలో విని తెలిసింది. ఆ ఒక్క రోజు మీద సినిమా తీయొచ్చు, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

కడపబిడ్డ

శ్రావణమేఘం అక్కా ఇంకొంచెం వెనక్కి పోతే ఆ యురేనియం భూమిలోంచి తవ్విందెవరో కూడా చెప్పాల. బెల్జియం చేతిలో ఉన్న కాంగోలో షింకోలోబ్వే గని. అంత చిక్కటి ఖనిజం ఇంకెక్కడా దొరకలా. గని కంపెనీ పెద్ద ఎడ్గార్ సెంజియే ముందుజాగ్రత్తతో 1,200 టన్నులు న్యూయార్క్ తెచ్చి స్టాటెన్ ఐలాండ్ గోడౌన్‌లో పెట్టినాడు, 1942 సెప్టెంబర్‌లో సైన్యం వాళ్లు పోయి అడిగితే ఒక పసుప్పచ్చ కాగితం మీద నాలుగు మాటలు రాసుకొని బేరం ముగించినారు. ఆ గనిలో దిగి తవ్విన కాంగో మనుషులకి ఏమైందో, ఎంతమంది జబ్బు పడినారో ఎవురూ లెక్క పెట్టలా. మా జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది, చుట్టుపక్కల ఊళ్లోళ్లు నీళ్ల గురించి, పంటల గురించి ఎప్పట్నుంచో మొత్తుకుంటా ఉండారు, అందుకే నాకు ఈ సినిమాలు చూస్తా ఉంటే గని ఎప్పుడు చూపిస్తారా అని చూస్తా. ఒక్క సినిమాలోనూ చూపించలా.

వేదిక నిర్వాహకులు

చర్చ చాలా బాగా నడుస్తోంది. ఇప్పటి గనుల గురించి వేరే థ్రెడ్ పెట్టుకోండి, అక్కడ వివరంగా మాట్లాడుకోవచ్చు. ఇక్కడ సినిమా, మన్‌హట్టన్ ప్రాజెక్టు వరకే ఉందాం.

కృష్ణాతీరం

ఓపెన్‌హైమర్‌ని నేను ప్రసాద్స్‌లో పెద్ద స్క్రీన్ మీద చూశా. హైదరాబాద్‌లో అప్పటికి ఐమాక్స్ లేదు కదా, మా ఫ్రెండ్స్ కొందరు అందుకోసమే బెంగళూరు పోయి చూశారు. గీత సీన్ వచ్చినప్పుడు హాల్లో చాలామంది ఇబ్బందిగా కదిలారు, ఆ సీన్ మీద ఎంత రగడ జరిగిందో తెలిసిందే, మళ్లీ దానిలోకి వెళ్లను. నాకు అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది.

ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. గీతతో పాటు భర్తృహరిని కూడా చదివాడు. ట్రినిటీకి రెండు రోజుల ముందు, పేలుతుందో తుస్సుమంటుందో తెలియక అందరూ నలిగిపోతున్నప్పుడు, అమెరికా యుద్ధ పరిశోధనలకి పెద్ద అయిన వానెవర్ బుష్‌కి ఒక భర్తృహరి శ్లోకం తన అనువాదంలో చెప్పాడు. అడవిలో ఉన్నా యుద్ధంలో ఉన్నా కొండ కొమ్మున ఉన్నా సముద్రం మధ్యలో ఉన్నా, నిద్రలో ఉన్నా ఆపదలో ఉన్నా, పూర్వం చేసిన పుణ్యమే మనిషిని కాపాడుతుందని దాని భావం. మనం ఏనుగు లక్ష్మణకవి పద్యాల్లో స్కూల్లో బట్టీ పట్టిన సుభాషితాలకి మూలం ఈ భర్తృహరే! గీతలోని 'నేనిప్పుడు మృత్యువునయ్యాను' అనే మాట చెప్పింది ఎప్పుడో, 1965లో టీవీ కెమెరా ముందు, ఆ రోజు నాకు గుర్తొచ్చింది అని. ఇదేమో పరీక్షకి ముందు, భయంతో ఉన్న మనిషి నోట్లోంచి వచ్చింది. అంత మంచి సీన్ చేతిలో పెట్టుకుని ఏ డైరెక్టరూ వాడుకోలేదు.

ఓరుగల్లు_చిన్నోడు

అబ్బ, ఇది నాకు తెల్వదన్నా. మా తెలుగు సార్ నీతి శతకం పద్యాలు రాగం తీసి చదివేటోడు.

మందాకిని

కృష్ణాతీరం గారూ, శ్లోకం గొప్పదే. కానీ అక్కడ ఆయన అడుగుతున్నది తన పుణ్యం తనని కాపాడాలని. బాంబు కింద ఉన్నవాళ్లు ఆ ప్రార్థనలో ఎక్కడున్నారు? ఆ సీన్ పెడితే ఆ మాట కూడా ఎవరో ఒకరు అడిగేలా పెట్టాలి. నేను అయితే బుష్‌తో అడిగిస్తా.

డల్లాస్_రామం

ఆలస్యంగా చూశా ఈ థ్రెడ్, మేము టెక్సాస్‌లో ఉంటాం, ట్రినిటీ సైట్‌కి పోయొచ్చాం కాబట్టి అది చెప్తా. అది వైట్ శాండ్స్ మిసైల్ రేంజ్ లోపల ఉంది, మామూలు రోజుల్లో రానివ్వరు, ఏడాదిలో తెరిచే రోజున పోవాలి, మేం అక్టోబర్‌లో పోయాం, స్టాలియన్ గేట్ దగ్గర పొద్దున్నే కార్లు బారులు తీరి ఉన్నాయి. లోపల చుట్టూ కంచె, మధ్యలో నల్లటి లావా రాళ్లతో కట్టిన స్తంభం, అంతే, గొయ్యి కూడా పెద్దగా తెలీదు, నేల కొంచెం పల్లంగా ఉంటుంది. ఇసుక కరిగి ఆకుపచ్చ గాజయింది కదా ట్రినిటైట్ అంటారు, చిన్న చిన్న ముక్కలు ఇంకా కనపడతాయి, తీసుకోకూడదు, మా చిన్నోడు ఒకటి పట్టుకుంటే వాళ్లమ్మ కిందపెట్టించింది.

నాకు అన్నిటికంటే మనసులో నిలిచిపోయింది మెక్‌డొనాల్డ్ రాంచ్ ఇల్లు. స్తంభం దగ్గర్నుంచి బస్సులో తీసుకెళ్తారు. ఒక రైతు ఇల్లండీ, మట్టి గోడలు, బయట నీళ్ల తొట్టి. ఆ ఇంటి పడగ్గదిలోనే ప్లుటోనియం కోర్‌ని బిగించారు. కారు వెనక సీట్లో పెట్టుకుని తెచ్చారట కోర్‌ని! తర్వాత జూలై 13న టవర్ దగ్గర కోర్ ఉన్న ముక్కని బాంబు లోపలికి దించుతుంటే ఇరుక్కుపోయింది, అందరికీ చెమటలు పట్టాయి. ఎడారి ఎండకి అది వేడెక్కి కొంచెం ఉబ్బింది, బాంబు లోపలేమో చల్లగా ఉంది. దాన్ని అలాగే ఆనించి కాసేపు వదిలేస్తే రెండిటి వేడీ సమానమై దానంతటదే జారి కూర్చుంది. ఇలాంటిదే కదా సినిమాకి కావాల్సింది.

ఇంకో విషయం, చూడ్డానికి వచ్చేవాళ్లకి కనపడేలా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడతారు. 1945 జూలై 16 తెల్లవారుజామున 5:29కి పేలింది, వాళ్ల ఊళ్ల మీద బూడిద పడింది, ఎవరినీ ఖాళీ చేయించలేదు, అడిగితే మందుగుండు గోడౌన్ పేలిందని ప్రకటన ఇచ్చారు. వానతొట్లలో నీళ్లు తాగేవాళ్లు, మేకల పాలు తాగేవాళ్లు. క్యాన్సర్లు వచ్చిన కుటుంబాలు దశాబ్దాల తరబడి తిరిగాయి. పరిహారం చట్టం 1990లో వస్తే అందులో ట్రినిటీ బాధితుల్ని కలపలేదు, 2025లో కలిపారు. ఈ లోపల ఎంతమంది పోయారో. రెండు సినిమాల్లోనూ ఆ ఎడారిలో మనుషులే లేనట్టు చూపించారు, అది మాత్రం నిజం కాదు.

ఫిజిక్స్_మాస్టారు

రామం గారూ మంచి విషయాలు చెప్పారు. సినిమాకి సంబంధించి ఒకటి కలుపుతా. ప్లుటోనియం బాంబుని కూడా మొదట తుపాకీలో గుండులా పేలుద్దామనుకున్నారు. 1944 వేసవిలో సెగ్రే బృందం కొలిచి చూస్తే రియాక్టర్లో తయారైన ప్లుటోనియంలో 240 అనే రకం కలిసి ఉంది, అది తనంతట తనే విచ్చిపోతూ న్యూట్రాన్లు వదులుతుంది, తుపాకీ పద్ధతిలో రెండు ముక్కలూ కలిసేలోపే సగం సగం పేలి తుస్సుమంటుంది. జూలైలో ఆ డిజైన్ పారేసి ల్యాబ్ మొత్తాన్ని నెల తిరక్కుండా మార్చేశారు. నెడర్‌మేయర్ ఎప్పట్నుంచో చెప్తున్న లోపలికి కుదించే పద్ధతికి అప్పుడు విలువొచ్చింది, కిస్టియకౌస్కీ పేలుడు పదార్థాలని కటకాల్లా పోత పోయించాడు. ఎక్కడన్నా గాలి బుడగ ఉంటే దంతవైద్యుడి డ్రిల్‌తో తొలిచి మళ్లీ నింపేవాడు, పరీక్షకి ముందు ఒక రాత్రంతా కూర్చుని ఆయనే స్వయంగా చేశాడు. యురేనియంతో చేసిన బాంబు లిటిల్ బాయ్‌కి ఈ గొడవ లేదు, అందుకే పరీక్షించకుండానే హిరోషిమా మీద వేసేశారు.

నైట్‌షో

డ్రిల్ సంగతి వింటే ఒళ్లు జలదరించింది మాస్టారూ, పేలుడు పదార్థంలో డ్రిల్లా!

సరే పాతరీళ్లన్నా, నీ మొదటి ప్రశ్నకి తిరిగొస్తా. నువ్వన్నట్టే మార్పు పెద్దదే, ఒప్పుకుంటా, కానీ జోఫే ఉద్దేశం వేరే అనుకుంటున్నా. సినిమా అంతా గ్రోవ్స్, ఓపెన్‌హైమర్ మధ్య లాగులాట. ఆపొచ్చా ఆపకూడదా అని ఓపెన్‌హైమర్ ఊగుతుంటాడు. మెరిమన్ చావు ఆయన కళ్ల ముందు జరిగినా ఆపలేదు అని చూపించడానికే ముందుకి జరిపాడేమో. అంటే తప్పు తెలియక చేశారని అనుకునే వీలు కూడా లేకుండా చేశాడు.

పాతరీళ్లు

ఆ కోణం బాగుంది నైట్‌షో, ఆలోచించాల్సిన మాటే. కానీ ఆపాలనుకున్న మనిషి నిజంగా ఉన్నాడు కదా, కల్పించడం ఎందుకు? జోసెఫ్ రోట్‌బ్లాట్. పోలండ్ మనిషి, భార్యని వార్సాలో వదిలి వచ్చి యుద్ధంలో పోగొట్టుకున్నాడు, జర్మన్ల మీద ఆయనకున్నంత కోపం లాస్ అలమోస్‌లో ఇంకెవరికుంటుంది? హిట్లర్ చేతికి ముందు రాకూడదనే బాంబు పనిలో చేరాడు. జర్మనీ దగ్గర బాంబు లేదని తేలిపోగానే 1944 చివర్లో పని మానేసి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆయన మీద గూఢచారి అని అనుమానం వేశారు, దారిలో ఆయన కాగితాల పెట్టె మాయమైంది. జర్మనీ ఓడిపోయింది మే 8న, ఆ తర్వాత మిగతావాళ్లు పని ఇంకా వేగం పెంచారు. అక్కడే పనిచేసిన సైంటిస్టు రాబర్ట్ విల్సన్ తర్వాత చెప్పుకున్నాడు, జర్మనీ లొంగిపోయినప్పుడు వెళ్లిపోవాలన్న ఆలోచన కూడా తనకి రాలేదని, అదే తనకి బాధని. రోట్‌బ్లాట్‌కి 1995లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

శ్రావణమేఘం

ఇదే నేను కూడా అడగబోయా. రోట్‌బ్లాట్ కథలో ప్రేమ ఉంది, యుద్ధం ఉంది, గూఢచారి అనుమానం ఉంది, ఇంకేం కావాలి సినిమాకి. బాంబు జపాన్ మీద వెయ్యొద్దని పోరాడిన సైంటిస్టు జిలార్డ్ కథ కావాలంటే మాత్రం డే వన్ ఉంది, అదే 1989లో టీవీకి తీశారు, డేవిడ్ స్ట్రాతెర్న్ ఓపెన్‌హైమర్, బ్రయాన్ డెనహీ గ్రోవ్స్. గ్రోవ్స్ అంటే ఎలా ఉండాలో డెనహీని చూస్తే తెలుస్తుంది. 1945 జూలైలో జిలార్డ్ 70 మంది చేత సంతకాలు పెట్టించిన విన్నపం అధ్యక్షుడి దాకా ఎలా చేరకుండా పోయిందో కూడా తెలుసుకోవాల్సిన కథే.

ఓరుగల్లు_చిన్నోడు

అయితే డే వన్ ఫస్ట్ చూసి, తర్వాత ఫ్యాట్ మ్యాన్, చివరికి ఓపెన్‌హైమర్ మళ్లీ చూస్తా. పాతరీళ్లన్నా, నీకే సినిమా తీసే ఛాన్స్ వస్తే ఎక్కడ మొదలువెడ్తవు?

పాతరీళ్లు

1946 మే 21, స్లోటిన్ గదిలో. ఆయన వెనకాల భుజం మీదుగా తొంగి చూస్తూ ఆల్విన్ గ్రేవ్స్ నిలబడి ఉన్నాడు. స్లోటిన్ ఆ ఉద్యోగం వదిలి వెళ్లిపోతున్నాడు, ఆ పని గ్రేవ్స్‌కి అప్పజెప్తూ ఎలా చెయ్యాలో చూపిస్తున్నాడు. స్లోటిన్ శరీరం అడ్డుండటం వల్ల గ్రేవ్స్‌కి రేడియేషన్ కొంత తగ్గింది, అయినా వారాల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ ప్రమాదం తర్వాత అలాంటి ప్రయోగాలు చేత్తో చెయ్యడం మాన్పించి, దూరం నుంచి యంత్రాలతో, కెమెరాల్లో చూస్తూ చెయ్యడం మొదలుపెట్టారు. గ్రేవ్స్ కోలుకుని మళ్లీ అదే పనిలో చేరాడు. 1950ల్లో నెవాడా ఎడారిలో, పసిఫిక్ దీవుల్లో అమెరికా పేల్చిన బాంబు పరీక్షలకి పెద్దల్లో ఒకడయ్యాడు, ఆ బూడిద వల్ల జనానికి ప్రమాదం ఏం లేదని చెప్పేవాడు. తన ఒంటి మీదే ఆ దెబ్బ తిన్న మనిషి ఆ మాట ఎలా అనగలిగాడు అన్నదాని మీద తీస్తా సినిమా. యుద్ధం సీన్ ఒక్కటి కూడా ఉండదు.

నైట్‌షో

నిర్మాత దొరకడం కష్టం అన్నా, కానీ నేను టికెట్ కొంటా. గ్రేవ్స్ గురించి ఇంకా ఏమైనా ఉంటే వేరే పోస్ట్‌గా పెట్టు, ముఖ్యంగా నెవాడా రోజులవి. వచ్చే వారం అందరం డే వన్ చూసి ఇక్కడే కలుద్దాం.